బోణీకి రెండు

నొప్పికి సున్నా నుంచి పది వరకు ఒక అంకె చెప్పమని అడగడం నా ఉద్యోగంలో భాగం. సున్నా అంటే నొప్పి లేదని, పది అంటే ఇక భరించలేమని. ఇరవై ఏళ్ళుగా ఫిజియోథెరపిస్టుగా ఈ ప్రశ్న అడుగుతూనే ఉన్నాను. జనం మామూలుగా ఓ రెండు అంకెలు కలిపే చెబుతారు. నేను తప్పు పట్టను. ఆరంటే ఎవరూ పట్టించుకోరు, ఎనిమిదంటే నర్సు పరుగెత్తుకొస్తుంది. లోకం తీరు వాళ్ళకు తెలుసు. తగ్గించి చెప్పిన మనిషిని మాత్రం ఈ ఇరవై ఏళ్ళలో ఒక్కరినే చూశాను. ఆయన పోయి నెల దాటింది. మొన్న సోమవారం ఆయన భార్య వచ్చి, మేమిచ్చిన వాకర్‌ను తిరిగి అప్పజెప్పి వెళ్ళింది. అప్పటినుంచి నా మనసు మనసులో లేదు. రాస్తే కుదుటపడుతుందని కాదు, రాయకుండా ఉండలేక రాస్తున్నాను.

పేరు రాయను. పేరుపెట్టి పిలిచినవాళ్ళు కూడా తక్కువే. ఆబిడ్స్‌లో ఒక పాత చీరల దుకాణంలో, తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద బాసింపట్టు వేసుకుని ముప్ఫై ఏళ్ళకు పైగా చీరలు చూపించిన మనిషి. ఆ పరుపును ఆయన గద్దీ అనేవారు. ఏదో సింహాసనం అన్నట్టే అనేవారు. అంకుల్ అని పిలిస్తే పలికేవారు కాదు. "అంకులేంది బిడ్డా, ఇంగ్లీషోళ్ళ లెక్క? కాకా అను" అన్నారు. అలా నాకు కాకా, అంటే చిన్నాన్న, అయ్యారు.

మా తాతగారు యాభైయారులో సచివాలయం ఉద్యోగంతో గుంటూరు నుంచి హైదరాబాదు వచ్చారు. మా అమ్మ ఇక్కడే పుట్టింది. అయినా ఇప్పటికీ "మా గుంటూర్లో" అంటూనే మాట మొదలుపెడుతుంది. చీర కొనాలంటే ఆబిడ్స్‌లో ఆ దుకాణానికే, ఆ పరుపు ముందుకే వెళ్ళేది. వాళ్ళిద్దరి బేరం వినడానికి నేను చిన్నప్పుడు పుస్తకం మూసి మరీ వెంట వెళ్ళేదాన్ని.

"ఇదేం రంగండీ, మా గుంటూరు వైపు ఇలాంటివి కట్టరు" అనేది అమ్మ.

"గీడనే పుట్టినవ్, గీడనే పెరిగినవ్, ఇంకా గుంటూరేందమ్మా? గుంటూరు చీరె కట్టకపోతే పాయె, నువ్వు కట్టు" అనేవారాయన.

చీర విప్పడంలో ఆయనకో తీరుంది. మడత మీద అరచేయి ఒక్క క్షణం ఆనించి ఉంచి, తర్వాత ఒక్క ఊపున విసిరేవారు. చీర అమ్మ మోకాళ్ళ దాకా వచ్చి సరిగ్గా అక్కడ ఆగేది. అంగుళం ఇటూ అటూ అయ్యేది కాదు. కొంగు తన భుజం మీదే వేసుకుని, మెడ కాస్త వంచి చూపించేవారు. మీసాలున్న మనిషి భుజం మీద పట్టు కొంగు చూసి నాకు నవ్వాగేది కాదు. అమ్మ ఏ చీరనైనా "ఛీ, బాలేదు" అందంటే చాలు, ఆయన చటుక్కున వేలు పెదవుల మీద పెట్టుకునేవారు. "మాల్‌కు పేరు పెట్టొద్దమ్మా. మాల్ ఇంటది. నచ్చకపోతే పక్కకు పెట్టు, తిట్టకు." నచ్చని చీరను కూడా విప్పినంత మర్యాదగానే మడిచి పెట్టేవారు.

నేను మనుషుల్ని నడకతో గుర్తుపడతాను. వృత్తి వల్ల వచ్చిన జబ్బు ఇది. ముఖం మరిచిపోయినా ఎవరు ఏ కాలు ఈడుస్తారో మరిచిపోను. ఆయన్ను మాత్రం చిన్నప్పటినుంచీ చూస్తున్నా, ఒక్కసారి కూడా నిలబడగా చూసినట్టు గుర్తులేదు. అందుకే ఒకనాడు నాంపల్లి స్టేషను ఎదురు సందులో ఉన్న మా నర్సింగ్ హోములోకి, రెండు మోకాళ్ళూ విల్లులా వంగిపోయి, గోడ పట్టుకుంటూ వచ్చిన పెద్దాయన్ని నేను గుర్తుపట్టలేదు. ఆయన బెంచీ మీద కూలబడి, పక్కనే వేలాడుతున్న ఆకుపచ్చ కర్టెన్‌ను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసి, "పాలిస్టర్" అని తేల్చారు. అప్పుడు గుర్తుపట్టాను. గుర్తుపట్టి, ఆ కాళ్ళవైపు చూశాను. మేం కట్టుకున్న చీరలన్నీ ఆ మోకాళ్ళ మీదుగా వచ్చినవే.

మా పెద్ద డాక్టరుగారు మంచి సర్జను. చెయ్యి మంచిది, నోరే కాస్త దురుసు. ఎక్స్‌రే వెలుగులో పెట్టి విడమరిచి చెప్పారు. ముందు కుడి మోకాలు మారుద్దాం, ఎడమది తర్వాత. మార్చడంలో రెండు రకాలు. ఒకటి సిమెంటుతో అతికించేది. రెండోది సిమెంటు లేకుండా బిగించేది. దాని లోహం గరుకుగా, సన్న సన్న రంధ్రాలతో ఉంటుంది, మన ఎముకే అందులోకి పెరిగి పట్టుకుంటుంది. "మీ ఎముక గట్టిగా ఉంది, వయసూ అరవై దాటలేదు. మీకు రెండోది బావుంటుంది. కానీ మొదటి మూడు నెలలు జాగ్రత్త. ఎముక పట్టేలోపు ప్లేటు కదిలిందా, ఇక పట్టదు" అన్నారు.

కాకా అందుకున్నారు. "అంటే కుట్టిన అంచు కాదు సార్, నేసిన అంచన్నట్టు."

సారుకు అర్థం కాలేదు. చీరకు అంచు విడిగా కుట్టడం వేరని, చీరతోపాటే మగ్గం మీద నేయడం వేరని నేను చెప్పాను. సారు నవ్వి, ఆ రోజునుంచి ప్రతి పేషెంటుకూ ఆ మాటే చెప్పడం మొదలుపెట్టారు.

"మరి గద్దీ మీదికి ఎన్నడు పోవచ్చు సార్?"

"కింద కూర్చోవడం మానుకోవాలి. కుర్చీ వేయించుకోండి."

ఆయన వాదించలేదు. బయటికొచ్చాక నాతో అన్నారు. "కొనేటామె కింద కూసుంటది. నేను కుర్చీ ఎక్కి కూసుంటే చీరె ఎట్ల చూపెడ్త బిడ్డా? పైకెల్లి ఇసిరితే ఆమె మొహం మీద పడ్తది. మోకాళ్ళు పోయినోళ్ళను మా సేటు ఏం జేస్తడో ఎర్కనా? గల్మ కాడ, దుకాన్ గడప బయట నిలవెడ్తడు. వచ్చినోళ్ళ చెప్పులు తీసుకొని టోకెన్లు ఇయ్యాలె. నా ముందటోడు గట్లనే పోయిండు. ఆర్నెల్లు చెప్పులు అందుకున్నడు, ఏడో నెల ఇంట్ల కూసున్నడు." నవ్వుతూనే చెప్పారు. అయినా నాకు భయం తెలిసింది. ఆయనకు మోకాలు కావాలన్నది నడవడానికి కాదు, కింద కూర్చోవడానికి.

మృగశిర కార్తెకి, చేప మందు కోసం వచ్చిన జనంతో నాంపల్లి కిక్కిరిసి ఉన్న వారంలో ఆపరేషను జరిగింది. అదే రోజు, అదే రకం మోకాలు, లక్డీకాపూల్ నుంచి వచ్చే ఒక రిటైరైన లెక్కల టీచరమ్మకు కూడా వేశారు. ఆమెకు నోరు ఊరుకునేది కాదు. అడగక ముందే "ఎనిమిది" అనేది. నిద్రలో లేపి అడిగినా ఎనిమిదే. మెట్టు ఎక్కితే తొమ్మిది. సిమెంటు లేని మోకాలుకు మొదట్లో లేచి అడుగు వేసేటప్పుడు ఇలా నొప్పి ఉంటుంది, ఎముక పట్టేకొద్దీ తగ్గుతుంది అని నేను రోజూ పాఠం చెప్పేదాన్ని. ఆమె వినేది కాదు. రెండుసార్లు గొడవపడి ఎక్స్‌రే తీయించుకుంది. రెండుసార్లూ అంతా బాగానే ఉంది. ఇప్పుడామె సాయంత్రాలు మొజంజాహీ మార్కెట్‌కు నడిచి వెళ్ళి సీతాఫలం ఐస్‌క్రీం తిని వస్తుంది. ఎదురుపడితే నన్ను ఆపి, రెండు మెట్లు ఎక్కి దిగి చూపిస్తుంది. నేను చప్పట్లు కొడతాను. లోపల ఏడుపొస్తుంది.

కాకా పొద్దున తొమ్మిదింటికి, నా మొదటి పేషెంటుగా వచ్చేవారు. అఫ్జల్‌గంజ్ దాటాక ఏదో సందులో వాళ్ళ ఇల్లు. చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, తల దువ్వుకుని, పనికి వెళ్ళేవాడిలా వచ్చేవారు. మొదటి రెండు వారాలు నొప్పి ఐదు, ఆరు అని చెప్పారు. అవి నిజమైన అంకెలని ఇప్పుడు తెలుస్తోంది.

ఒకరోజు సారు టీచరమ్మ కాగితాలు చూసి, అందరి ముందే నా మీద కేకలేశారు. "అన్నీ ఎనిమిదులూ తొమ్మిదులూనా? అసలు ఎక్సర్‌సైజులు సరిగ్గా చేయిస్తున్నావా, ఫోను చూసుకుంటూ కూర్చుంటున్నావా?" నేను తల వంచుకుని నిలబడ్డాను. కాకా పక్క బల్ల మీద కాలు చాపుకుని ఉన్నారు. చూపు పైకప్పు మీద పెట్టి, ఏమీ విననట్టే ఉన్నారు.

మర్నాడు అడిగాను. "కాకా, ఇవాళ ఎంత?"

"ఎంతంటవ్ నువ్వు?"

"నేననడం కాదు, మీరు చెప్పాలి."

"పొద్దుగాల బోణీ బేరం బిడ్డా. నీకు ఎక్కువ చెప్తనా? మూడు రాసుకో."

రెండు రోజులకు అది రెండయింది. "నిన్న మూడే కదా కాకా?" అంటే, "నిన్న నిన్ననే. బోణీ చేదుగుంటే దినమంత చేదుగుంటది. రెండు రాయి" అన్నారు. నేను నవ్వుకుంటూ రాశాను. దుకాణంలో బోణీ కస్టమర్‌ను ఉత్త చేతులతో పంపరు, ఎంతకైనా ఇచ్చి పంపుతారు. ఆ అలవాటే అనుకున్నాను. నా మీద పడిన కేకలకు ఆయన తన మోకాలు అడ్డం పెడుతున్నారని నాకు తట్టలేదు. తట్టినప్పుడు ఆలస్యమైంది.

అప్పటినుంచి కాగితం మీద గీత చక్కగా కిందికి దిగింది. మూడు, రెండు, రెండు, రెండు. సారు మెచ్చుకున్నారు. "చూశావా, ఇదీ రిజల్టు. ఈయన నడకను వీడియో తీద్దాం, డాక్టర్ల మీటింగులో చూపిస్తాను. పక్కన నువ్వూ ఉండాలి" అన్నారు. ఇరవై ఏళ్ళ సర్వీసులో నన్ను ఎవరూ ఫోటోలోకి కూడా పిలవలేదు. ఇంటికి వెళ్ళి అమ్మకు చెప్పాను. ఏ చీర కట్టుకోవాలో కూడా ఆలోచించాను. సిగ్గుగా ఉన్నా రాస్తున్నాను.

శ్రావణమాసం వచ్చింది. వరలక్ష్మీ వ్రతం ముందు ఆబిడ్స్‌లో చీరల దుకాణాల్లో కాలు పెట్టడానికి సందుండదు. ఆపరేషనై అప్పటికి రెండు నెలలు దాటింది, మూడు నిండలేదు. ఆ వారంలోనే ఒక పొద్దున ఆయన బల్ల మీద పడుకుంటే, కాలు ఎత్తడానికి చీలమండ పట్టుకున్నాను. గద్దీ మీద కూర్చునేవాళ్ళకు చీలమండ బయటివైపు చర్మం నల్లగా కాయ కాస్తుంది. ఆపరేషను తర్వాత ఆయన కాయ మెల్లగా మెత్తబడి, పొరలుగా లేచిపోయి, కింద లేత చర్మం వచ్చింది. ఆ లేత చర్మం ఆ రోజు ఎర్రగా కమిలి, గీరుకుపోయి ఉంది. ఆయన మళ్ళీ కింద కూర్చున్నారని అర్థమైపోయింది. ఒకటి రెండు గంటలు కాదు, రోజంతా.

"ఇదేంటి కాకా?"

"దోమలు బిడ్డా. మా గల్లీల దోమలు పక్షులంత ఉన్నయ్."

నేను నవ్వాను. ఆయన లేచి అడుగు వేశారు. చేతికి పట్టుకునే కడ్డీని ఎంత గట్టిగా పట్టుకున్నారంటే వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. నుదుటి మీద చెమట. ఏసీ నడుస్తోంది. పాదం ఆనిన ప్రతిసారీ పెదవి ఒక్క రవ్వ బిగుస్తోంది. నడక చదవడం నా విద్య. ఆ నడక ఎంతలేదన్నా ఏడు, ఎనిమిది చెబుతోంది.

"ఎంత కాకా?"

"రెండు."

నేను ఆయన ముఖంలోకి చూశాను. ఆయనా చూశారు. నాకు తెలుసని ఆయనకు తెలిసిందో లేదో చెప్పలేను. వీడియో శనివారం పెట్టుకున్నారు, ఆ రోజు గురువారం. నేను పెన్ను తీసుకుని రెండు అని రాశాను.

శనివారం ఆయన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకొచ్చారు. మా గదిలో ప్రాక్టీసు కోసం ఆరు చెక్క మెట్లుంటాయి. ఎక్కి దిగారు. వెలుతురు సరిపోలేదని సారు మళ్ళీ ఎక్కమన్నారు. మూడోసారి, ఈసారి కెమెరా వైపు చూసి నవ్వమన్నారు. నవ్వారు. అచ్చం పట్టు కొంగు భుజాన వేసుకుని నవ్వినట్టే ఉంది. అందరూ వెళ్ళాక బెంచీ మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. "బస్సులల్ల జనం జర తగ్గనీ, పోత" అన్నారు. నేను గ్లాసుతో నీళ్ళిచ్చి నా పని చూసుకున్నాను.

సోమవారం రాలేదు. గురువారం భార్య ఆటోలో తీసుకొచ్చింది. కాలు కింద పెట్టలేకపోతున్నారు. ఎక్స్‌రేలో లోహపు ప్లేటు కింద నల్లటి గీత కనిపించింది, లోపలివైపు ప్లేటు ఒరిగి ఎముకలోకి కుంగిపోయింది. ఎముక పట్టలేదు. సారు కాగితాలు తిరగేస్తూ మండిపడ్డారు. "రోజూ రెండు, రెండు, రెండు అని ఉంది. ఇంత జరిగేదాకా నొప్పి లేకుండా ఉంటుందా? చెప్పాలి కదా మీరు! చెప్పి ఉంటే బరువు ఆపించేవాణ్ణి, ముందే ఎక్స్‌రే తీసేవాణ్ణి."

కాకా ఒక్క క్షణం నావైపు చూశారు. మళ్ళీ సారువైపు తిరిగారు. "నొప్పి మొన్ననే సురువైంది సార్. అంతకు ముందు ఏం లేకుండె. డాక్టరమ్మ దినాం అడిగింది, నేనే లేదన్న."

ఆ గదిలో నేనూ ఉన్నాను. నోట్లో నాలుకా ఉంది. ఎక్స్‌రే తీసి కవరులో పెట్టాను.

దసరా ముందు రెండో ఆపరేషను జరిగింది. ఈసారి సిమెంటు వేసి అతికించారు. స్పృహ వచ్చాక నన్ను చూసి, "నేసిన అంచు నిలవలేదు బిడ్డా. కుట్టుడే నసీబుల ఉంది" అన్నారు. పదిహేను రోజులు బాగానే ఉంది. తర్వాత గాయం నుంచి చెమ్మ రావడం మొదలైంది. చీము పట్టింది. మోకాలు మార్చిన ఏ మనిషికైనా ఇలా జరిగే ప్రమాదం ఉంటుంది, రెండోసారి తెరిచినవాళ్ళకు ఇంకాస్త ఎక్కువ. కడిగారు, మందులు మార్చారు, తగ్గలేదు. మూడోసారి లోపలి లోహమంతా తీసేసి, మందు కలిపిన సిమెంటు ముద్దను మోకాలి స్థానంలో పెట్టారు. ఆ ముద్ద ఉన్నంతకాలం మోకాలు మడవకూడదు. మడవడం కోసం వచ్చిన మనిషి కాలు కర్రలా చాపి పడుకోవలసి వచ్చింది.

అప్పుడు జనవరి, నాంపల్లి మైదానంలో ఎగ్జిబిషన్ నడుస్తోంది. సాయంత్రం కిటికీ తెరిస్తే మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు వినిపించేవి. ఆయన శ్రద్ధగా వినేవారు. ఎవరో ఒకరి పిల్ల దొరికిందంటే "అల్లా మాలిక్" అనో, "నరసింహస్వామీ" అనో, ఆ పేరును బట్టి దేవుణ్ణి తలుచుకునేవారు. మంచం మీద దుప్పటిని మడవడం ఒక్కటే ఆయన పని. విప్పేవారు, అంచుకు అంచు కలిపి మళ్ళీ మడిచేవారు. మడత పెట్టాక అరచేతిని పైన ఆనించి ఉంచేవారు. విసిరేవారు కాదు. విసరడానికి ఎదురుగా ఎవరున్నారు?

ఒకరోజు భార్య భోజనం తేవడానికి వెళ్ళినప్పుడు నేను ఆయన దగ్గర కూర్చున్నాను. చెప్పేద్దామనే వచ్చాను.

"కాకా, శ్రావణంలో ఒక రోజు మీ చీలమండ చూశాను. అప్పుడే నాకు..."

"ఫ్యాన్ జర తగ్గియ్యరాదు బిడ్డా" అన్నారు.

తగ్గించి వచ్చి మళ్ళీ మొదలుపెట్టాను. "నాకు తెలుసు కాకా. తెలిసి కూడా..."

"మీ అమ్మ మంచిగున్నదా? అడిగిన అని చెప్పు. గుంటూరు ఎప్పుడు పోతదంట?"

నన్ను చెప్పనివ్వలేదు. నేను ఏడుస్తుంటే మంచం పక్కన ఉన్న తువ్వాలు అందించారు. అంచు సరిచేసి మరీ అందించారు. కళ్ళు తుడుచుకుంటుంటే అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. "నొప్పి ఎంత ఉంది కాకా?"

ఆయన నా చేతులవైపు చూశారు. పెన్నూ కాగితం లేవు.

"రాసుకుంటలేవు కదా?"

"లేదు."

"తొమ్మిది" అన్నారు. అని కళ్ళు మూసుకున్నారు. "తొమ్మిది బిడ్డా. ఆపరేషన్ ముందట నాలుగు ఉండె."

మాల్‌కు పేరు పెట్టలేదు, నాకూ పెట్టలేదు. తర్వాతి వారం చీము రక్తంలోకి వెళ్ళింది. మూత్రపిండాలు ఆగిపోయాయి. నేను డ్యూటీకి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది.

మొన్న సోమవారం ఆయన భార్య వచ్చింది. పొట్టి మనిషి, గట్టి గొంతు. ఆమెను నేను చిన్నమ్మా అంటాను. వాకర్‌ను శుభ్రంగా తుడిచి, రబ్బరు బుడిపెలు కూడా కడిగి తెచ్చింది. టీ తాగమంటే బెంచీ చివర కూర్చుంది.

"మస్తు చేసినవ్ బిడ్డా నువ్వు" అంది. "ఇంటికొస్తే నీ ముచ్చటనే చెప్తుండె. ఒక్క మాట జెప్తా ఇంటవా? శ్రావణంల ఇంట్ల నాకు తెల్వకుండ నొప్పి గోళీలు దాసుకున్నడు. నీ దగ్గరికొచ్చే దినం పొద్దుగాల రెండు గోళీలు మింగి వచ్చేటోడంట, నీ ముందట మంచిగ నడవాలెనని. పోయినంక పెట్టెల చీటీలు దొరికినయ్, ఏ దినం ఎన్ని మింగిండో రాసిపెట్టుకున్నడు."

రెండు మాత్రలు మింగాక కూడా ఆ చెమట, ఆ కడ్డీ మీద ఆ వేళ్ళు.

"నాకు చెప్పకపాయె" అంది ఆమె. గొంతు పెరిగింది. "నాకు! ముప్పై అయిదేండ్లు కలిసి బతికినం. కాలు కుంగుతుంటే కట్టుకున్నదానికి చెప్పొద్దా? సేటు గల్మ కాడ నిలవెడ్తడని దుకాన్ల చెప్పలే, నువ్వు ఫికర్ చేస్తవని నీకు చెప్పలే, నేను ఆపుతనని నాకు చెప్పలే. ఒక్క మనిషికి తెల్వనియ్యలే. గందుకే బిడ్డా, నాకు ఏడుపు వస్తలేదు. కోపం వస్తున్నది. పొద్దుగాల లేసి ఫోటో ముందట నిలవడి తిడ్త. తిట్టుకుంట పొయ్యి ముట్టిస్త, తిట్టుకుంట వండుత. గా కోపంతోటే దినం ఎల్లదీస్తున్న."

ఆ మాటకు నేను ఊరుకుని ఉండవలసింది. తలూపి, టీ ఇచ్చి పంపవలసింది. ఆయన కూడా అదే కోరి ఉంటారు. కానీ నా తప్పుకు కూడా ఆయన రోజూ పొద్దునే ఫోటోలో నిలబడి తిట్లు తింటున్నారంటే నేను తట్టుకోలేకపోయాను.

"ఒక్క మనిషికి తెలుసు చిన్నమ్మా" అన్నాను. "నాకు తెలుసు. చీలమండ చూశాను, ఆయన మళ్ళీ కింద కూర్చుంటున్నారని తెలిసింది. నడక చూసి నొప్పి ఎంతో తెలిసింది. ఆయన రెండన్నారు, అబద్ధమని తెలిసీ నేను రెండే రాశాను. వీడియో పాడవుతుందని. ఆ రోజే సారుకు చెప్పి ఉంటే ఆపేవారు. ఎముక పట్టేదేమో. పట్టకపోయినా ఇంతదాకా వచ్చేది కాదేమో."

టీ చల్లారిపోయింది. తిడుతుందనుకున్నాను. కొట్టినా బావుండునని కూడా అనుకున్నాను. ఆమె గ్లాసు కింద పెట్టి, కొంగు సర్దుకుంది.

"మరి రేపు పొద్దుగాల లేసి, నేను గాయిన్ను ఏమని తిట్టాలె బిడ్డా?" అంది.

ఆమె గోడ పట్టుకుని లేచింది. ఎడమ మోకాలు సన్నగా చప్పుడు చేసింది. ఆమె కుడివైపుకు ఒరిగి నడుస్తుందని అప్పుడే చూశాను. బయట స్టేషను రోడ్డు మీద ఆటో ఆపాను. ఎక్కడానికి ఇబ్బంది పడుతుంటే చెయ్యి అందించాను. ఆమె నా చెయ్యి పట్టుకోలేదు. ఆటో కడ్డీ పట్టుకుని, నొప్పికి పళ్ళు బిగించి, తనే ఎక్కి కూర్చుంది.